ఎక్కడికీ పోని మెట్లు

"ఐదింటికి ఫైలు మూసేస్తున్నాను అక్కా. ఈలోగా నువ్వేం వెతుక్కుంటావో వెతుక్కో" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నేనో కుర్చీ లాక్కుని కూర్చుని, అతనికీ ఒకటి లాగాను. అతను కూర్చోలేదు. మర్యాద చెల్లలేదని నాకు కొంచెం ఒళ్ళు మండింది.

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని చాటుమాటుగా 'కొయ్య' అంటారు. ఈమధ్య పుట్టిన పేరే. ఎవరైనా పిలిస్తే తల ఒక్కటే తిప్పడు, మనిషంతా తిరుగుతాడు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు నా కింద పనిచేశాడు. నేను బయటికొచ్చి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టాక, నా ప్రతి కేసుకీ కాలు అడ్డం పెట్టడం అతనికో సరదా అయింది. అయినా అక్కా అనడం మాత్రం మానలేదు. నన్నలా పిలిచేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు కనక నేనూ వద్దనలేదు.

మేమున్నది టెస్టింగ్ హాల్లో. కాళ్ళు పనిచెయ్యనివాళ్ళ కోసం, బరువులు మొయ్యాల్సిన సైనికుల కోసం ఒంటికి తగిలించుకునే యంత్రాలు ఇక్కడ తయారుచేస్తారు. నడుము నుంచి పాదాల దాకా, బయటివైపు ఇంకో జత ఎముకలు అమర్చినట్టు ఉంటుంది. ఇక్కడివాళ్ళు దాన్ని సూటు అంటారు. హాలు మధ్యలో కాంక్రీటు మెట్లు, వాటి పైన అరుగులాంటి కాస్త జాగా, చుట్టూ రెయిలింగు, దానికో చిన్న గేటు. అంతే. సూట్లు వేసుకున్నవాళ్ళు ఎక్కి దిగడానికి కట్టారు. ఆ మెట్లు ఎక్కడికీ పోవు.

నిన్న, శనివారం సాయంత్రం, ఆ అరుగు మీంచి కిందపడి చనిపోయాడు ఒక మనిషి. అందరూ ఆయన్ని డ్రైవర్ అనేవాళ్ళు. ఒకప్పుడు సైన్యంలో లారీ నడిపాడు. ప్రమాదంలో నడుము కింద స్పర్శ పోయింది. కొన్నేళ్ళుగా ఇక్కడ ఏ కొత్త సూటు తయారైనా మొదట వేసుకుని నడిచి చూసేది ఆయనే.

"దూకాడని ఎలా చెప్తున్నావు?" అన్నాను.

"నిన్న మధ్యాహ్నానికే స్టాఫంతా వెళ్ళిపోయారు. ఆరింటికి కూతురికి ఫోన్ చేశాడు. ఆరున్నరకి చప్పుడు విని వాచ్‌మన్ వచ్చాడు. సూటు ఒంటి మీద ఉంది. గేటు తీసి ఉంది. ఇంకేం కావాలక్కా, ఆయనొచ్చి వాంగ్మూలం ఇవ్వాలా?"

"వెనక తలుపు గడియ కూడా తీసే ఉందటగా."

"గాలి కోసం తీసుకున్నాడు."

"కూతురితో ఏం మాట్లాడాడు?"

"మాట్లాడనిస్తేగా! పనిలో ఉన్నా నాన్నా అని టక్కున పెట్టేసింది. ఆఖరిసారి గొంతు విందామని చేశాడు, అదీ దక్కలేదు. దూకాడు." చెయ్యి విదిలించాడు. జేబులోంచి పెన్ను జారి అతని బూటు పక్కన పడింది. కానిస్టేబుల్ వైపు చూశాడు. కానిస్టేబుల్ గుమ్మం దగ్గర్నుంచి వచ్చి, వంగి, పెన్ను తీసి చేతికిచ్చాడు.

దొరతనం బాగా ముదిరిందనుకున్నాను.

ఇన్‌స్పెక్టర్ వెళ్ళిపోయాక హాల్లో నేనూ, ఆ మెట్లూ మిగిలాం. ఈ కేసు నాకు అప్పజెప్పింది డ్రైవర్ కూతురే. బస్టాండులో ఏ బస్సు ఎక్కణ్ణుంచి బయల్దేరుతుందో మైకులో చెప్పే ఉద్యోగం ఆ అమ్మాయిది. ఊరందరికీ ఆమె గొంతు తెలుసు, మొహం ఎవరికీ తెలీదు. నాకూ తెలిసింది గొంతే. ఆదివారాలు ఇంట్లో నిశ్శబ్దం భరించలేక, ఎక్కడికీ వెళ్ళేది లేకపోయినా బస్టాండుకి పోయి కాఫీ తాగి వస్తుంటాను. పొద్దున్నే తలుపు తట్టి ఆ గొంతు ఒకే ఒక్క మాట అడిగింది. "నేను ఫోన్ పెట్టేసినందుకేనా మేడమ్? అవునో కాదో చెప్పండి చాలు. ఇంకేం వద్దు." ఇంట్లో ఉండలేక డ్యూటీకే పోతున్నానంది.

ఎవరు చంపారో కనుక్కోమని అడిగేవాళ్ళే ఇన్నాళ్ళూ నా దగ్గరికి వచ్చారు. చంపింది తనేనా అని అడిగినవాళ్ళు లేరు. కాదు అని ఓదార్పు కోసం చెప్పి పంపెయ్యొచ్చు. ఆ అమ్మాయి నమ్మదు. సాక్ష్యం కావాలి, అదీ ఐదు లోపల.

మెట్లెక్కాను. పైన రెయిలింగు పక్కన ఒక పాత దిండు, దాని మీద రొట్టె తుంపులు. డ్రైవర్ రోజూ మధ్యాహ్నం సూటు వేసుకుని, ఊతకర్రలతో ఇక్కడికెక్కి ఒక్కడే తినేవాడని వాచ్‌మన్ చెప్పాడు. కింద అంత చోటుండగా ఇంత కష్టపడి ఇక్కడెందుకు? ఆ దిండు మీద కూర్చున్నాక అర్థమైంది. కింద నుంచి అందని ఎత్తులో ఒక కిటికీ ఉంది. ఇక్కణ్ణుంచి చూస్తే వెనక వీధి, దాని అవతల బస్టాండు రేకుల కప్పు కనిపిస్తున్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడు, చాలా సన్నగా, ఆ అమ్మాయి గొంతు వినిపించింది. ఏదో బస్సు ఇంకాసేపట్లో బయల్దేరుతుందని చెబుతోంది.

రోజూ ఈ గొంతు వింటూ అన్నం తిన్నాడన్నమాట. కాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

కిందికి దిగేసరికి ఇంజినీరు వచ్చి ఉన్నాడు. ఈ సూట్లను తయారుచేసింది అతనే. నలిగిన చొక్కా, నిద్ర లేని కళ్ళు. డ్రైవర్ ఒంటి మీది సూటు గోడ వారగా పడి ఉంది. ఆసుపత్రివాళ్ళు బకిల్స్ జోలికి పోకుండా పట్టీలను కత్తెరతో కత్తిరించి ఊడదీశారు. దాన్ని బల్ల మీదికి ఎక్కించమన్నాను. అతనొక్కడి వల్ల కాలేదు. నేనూ ఒక పక్క పట్టుకుంటే, ఇద్దరం రొప్పుతూ ఎక్కించాం.

"సూటు చెడిపోయి పడ్డాడా?"

"లేదండీ. మోటార్లన్నీ చూశాను. బాగున్నాయి."

"అంటే దూకాడంటారు."

"నేననలేదు మేడమ్. ఇన్‌స్పెక్టర్ గారన్నారు."

"ఆ మాట మీకు హాయిగా ఉన్నట్టుందే?"

అతను నేల చూపులు చూశాడు. "మెషీన్‌దే తప్పని తేలితే ఈ పనంతా ఆగిపోతుంది. దీనికోసం ఆశగా చూస్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ ఆయన దూకాడంటే నాకూ మనసొప్పట్లేదు. సోమవారం సూటు బయటికి తీసుకెళ్తానని పర్మిషన్ తీసుకున్నాడు."

"ఎక్కడికి?"

"బస్టాండుకి. ఊహ తెలిశాక కూతురు ఆయన నడవడం ఎప్పుడూ చూడలేదట. చెప్పకుండా వెళ్ళి కౌంటర్ ముందు నిలబడతానన్నాడు. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు."

"ఇన్‌స్పెక్టర్‌కి చెప్పారా?"

"చెప్పాను. రాసుకోలేదు."

నా అనుమానం అక్కడ గట్టిపడింది. "ఆయన సూటు ఎలా తొడుక్కునేవాడో చూపించండి. ఆయన చేసినట్టే చెయ్యాలి."

ఇంజినీరు ఇంకో సూటు తెచ్చి కుర్చీలో పరిచి, దాన్లో కూర్చున్నాడు. కుడికాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టాడు. "కాలు మన మాట వినదు కదండీ. ముందు పాదం బిగించకపోతే జారిపోతుంది. అందుకని పాదం, పిక్క, తొడ, ఆఖర్న నడుము. బిగించగా మిగిలిన పట్టీ కొస వేలాడితే మెట్ల మీద తట్టుకుంటుంది. అందుకే దాన్ని పైపట్టీ కిందికి దోపి, అప్పుడు పైపట్టీ బిగిస్తారు."

"ఎప్పుడూ ఇంతేనా?"

"కూర్చుని వేసుకునేవాళ్ళకి ఇంకో దారి లేదు."

నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. కత్తెర పట్టీల మధ్యలో పడింది. కొసలు మాత్రం దోపినవి దోపినట్టే ఉన్నాయి. నడుము పట్టీ కొస కిందికి వచ్చి తొడ పట్టీలో దూరి ఉంది. తొడ పట్టీది పిక్క పట్టీలో. పిక్క పట్టీది పాదం పట్టీలో.

"మరి ఇదేంటి?"

ఇంజినీరు కాలు బయటికి తీసుకుని వచ్చి, వంగి చూసి, చెయ్యి కాలినట్టు వెనక్కి తగ్గాడు. "ఇది... ఇది సైనికుల పద్ధతి. వాళ్ళు నిలబడి వేసుకుంటారు. బరువంతా నడుము మీద ఆగాలి కాబట్టి ముందు నడుము బిగించి, అక్కణ్ణుంచి కిందికి వస్తారు."

"అంటే ఈ సూటు డ్రైవర్ తొడుక్కోలేదు. ఆయనకి ఎవరో తొడిగారు. అలవాటుగా, తన ఒంటికి బిగించుకున్నట్టే బిగించారు."

అతను దోపిన కొసల్ని ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు.

"కింద తొడిగి, పైకి మోసుకెళ్ళి, గేటు తీసి పడేశారు. ఆ మనిషినీ ఈ ఇనుమునీ కలిపి ఒక్కడు మొయ్యగలడా?"

"మొయ్యలేడు" అని ఆగిపోయాడు.

"సగం మింగకండి."

"ఇంకో సూటు వేసుకున్నవాడైతే మొయ్యగలడు మేడమ్."

"మీ సూట్లన్నీ ఉన్నాయా?"

అతను వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు. బయట కుక్క ఒకటి మొరిగి ఊరుకుంది. చివరికి ఇంజినీరు కుర్చీలోంచే చెప్పాడు. "పల్చటిదొకటి లేదు. సైనికులు యూనిఫాం కింద వేసుకోవడానికి, మెడ దాకా వీపుకీ ఊతం పెట్టి చేశాం. బట్టల్లోంచి కనపడదు. రెండు నెలల కిందట డ్రైవరే అడిగాడు. నడుం దెబ్బతిన్న ఫ్రెండ్ ఒకడున్నాడు, తెలిస్తే ఉద్యోగం తీసేసి ఇంట్లో కూర్చోబెడతారు, పేరు మాత్రం అడగొద్దు అన్నాడు. ఆయన అడిగితే కాదనలేకపోయాను. ఎలా వేసుకోవాలో వీడియో కూడా ఇచ్చాను, సైనికులకి చూపించేదే."

"అదిప్పుడు ఎక్కడుంది?"

"పోయిన వారం వెనక్కి తెమ్మన్నాను. మోకాలి దగ్గర లోపం బయటపడింది. కూర్చుంటే లాక్ పడిపోతోంది, ఇక లేవడానికి ఉండదు, ఎవరో ఒకరు విప్పాల్సిందే. మెట్ల మీద అలా పడిందంటే మనిషి ప్రాణానికే ప్రమాదం. ఫ్రెండ్ శనివారం సాయంత్రం తెచ్చిస్తానన్నాడని డ్రైవర్ చెప్పాడు."

"ఇంత కథ కడుపులో పెట్టుకుని కూర్చున్నారా!"

"లేదు మేడమ్, పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పేశాను. ఇంకెవరికీ చెప్పొద్దు, నేను చూసుకుంటాను, నీ మంచికే చెబుతున్నానన్నారు."

అప్పటికీ నాకు వెలగలేదు. కొయ్యకి పేరు పిచ్చి, ఆ కబురు నాకు దక్కకుండా దాచుకుని తర్వాత తీరిగ్గా ఘనత కొట్టేద్దామనుకున్నాడనుకున్నాను. తిట్టుకున్నాను కూడా.

సరిగ్గా ఐదుకి జీపు వచ్చింది. దాని వెనక కమ్మీ పట్టుకుని నిలబడి వచ్చిన ఇన్‌స్పెక్టర్ లోపలికి వస్తూనే ఇంజినీరుని ఇంటికి పొమ్మన్నాడు. అతను నా వైపోసారి చూసి వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ కుర్చీ లాగాను.

"కూర్చో. చాలా చెప్పాలి."

"నిలబడే వింటాను."

పట్టీల సంగతి చెప్పాను. అతను నవ్వాడు. "రోజూ సైనికుల్ని చూస్తూ ఉంటాడు. చచ్చే రోజు వాళ్ళలాగా కట్టుకోవాలనిపించింది. దీనికో సిద్ధాంతమా?"

"స్పర్శ లేని కాళ్ళు కుర్చీలోంచి జారిపోతుంటే, ముందు నడుము బిగించుకున్నాడా?"

"నువ్వు చూశావా?"

"నువ్వు పల్చటి సూటు మాట ఎందుకు దాచావు?"

"ఆ ఇంజినీరు నోట్లో నువ్వుగింజ నానదు. ముందూ వెనకా చూడకుండా వాగే మనిషి." అతని గొంతు హెచ్చింది. "నీకు పనీ పాటా లేదక్కా. ఇంటికి పోతే పలకరించే దిక్కు లేదు. అందుకే ప్రతి చావునీ హత్య చేసి పెట్టుకుంటావు, నాలుగు రోజులు కాలక్షేపానికి. ఇదీ నీ బతుకు."

నిజమే కనక గట్టిగా తగిలింది. నేను తేరుకునేలోగా అతను బల్ల దగ్గరికి నడిచాడు. "ఇది స్టేషన్‌కి పోతుంది" అని సూటుని రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఎత్తుకుని, నిటారుగా, అలుపన్నది లేకుండా గుమ్మం వైపు నడిచాడు.

నేనూ ఇంజినీరూ రొప్పుతూ ఎక్కించిన సూటు అది. ఇతను మూడేళ్ళ కిందట దొంగని తరుముతూ గోడ మీంచి పడి వెన్నుపూస విరగ్గొట్టుకున్న మనిషి. ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్ళాను. తర్వాత చాన్నాళ్ళు బూటు లేసు కానిస్టేబుల్ కట్టేవాడు. కింద పడ్డ పెన్ను ఇప్పటికీ అతనే తీస్తున్నాడు. తల తిప్పడు, మనిషంతా తిరుగుతాడు. పొద్దున్నుంచి ఒక్కసారీ కూర్చోలేదు.

హాలు నిశ్శబ్దంగా ఉంది. అతను అడుగేసినప్పుడల్లా, పాత ఫ్రిజ్ మోటారు పనిచేస్తున్నట్టు, ప్యాంటులోంచి సన్నటి రొద వస్తోంది.

"తమ్ముడూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అది కింద పెట్టి, ఒక్క నిమిషం కూర్చో."

అతను ఆగాడు. మనిషంతా నా వైపు తిరిగాడు. నా మొహంలో ఏం చదివాడో, సూటుని నెమ్మదిగా కింద పెట్టాడు. తలుపు దగ్గరికి వెళ్ళి, జీపు తీసుకుని స్టేషన్‌కి పొమ్మని కానిస్టేబుల్‌కి చెప్పాడు. జీపు వెళ్ళిన చప్పుడు దూరమయ్యాక తలుపు మూసి గడియ పెట్టాడు.

అప్పుడే నా ఫోన్ మోగింది.

"ఐదయింది మేడమ్" అంది డ్రైవర్ కూతురు. వెనకాల బస్సుల హారన్లు. "స్టేషన్ నుంచి కాగితం పంపారు. నాన్న తనంతట తనే అని రాశారు. సంతకం పెట్టమంటున్నారు."

ఇన్‌స్పెక్టర్ నా వైపు వస్తున్నాడు. తొందరేమీ లేదు. నేను వెనక్కి అడుగేస్తే మడమకి మొదటి మెట్టు తగిలింది. ఎక్కాను.

ఆ క్షణంలో నాకు రెండు దార్లున్నాయి. పెట్టెయ్యమ్మా అని చెబితే నేను ఇంటికి పోతానేమో. ఆ అమ్మాయి మాత్రం బతికినన్నాళ్ళూ ఆ కాగితంతో కాపురం చెయ్యాలి.

"సంతకం పెట్టకు" అన్నాను.

అవతల పెన్ను కింద పెట్టిన చప్పుడైంది.

"నువ్వు ఫోన్ పెట్టేసినందుకు కాదు. మీ నాన్న నిన్ను వదిలేసి పోలేదమ్మా. రేపు నడిచి నీ దగ్గరికి రావాలనుకున్నాడు, నీకు చెప్పకుండా. రోజూ ఈ మెట్లెక్కి నీ గొంతు వింటూ అన్నం తినేవాడు. ఆయన్ని చంపారు."

"నిజమేనా మేడమ్?"

"నిజం."

"అక్కా, ఆ ఫోన్ ఇటివ్వు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని కాలు మెట్టు మీద పడింది. రొద ఎక్కువైంది. నేను ఎక్కుతూనే ఉన్నాను, వీపు రెయిలింగుకి తగిలే దాకా. దాని వెనక ఏమీ లేదు.

"ఫోన్ పెట్టేయకు" అన్నాను ఆ అమ్మాయితో.

"పెట్టను." ఏడుస్తోంది. "ఈసారి పెట్టను."

"నీ ముందు మైకుందిగా. ఆన్ చేసి, ఫోన్‌లో స్పీకర్ పెట్టి దాని దగ్గర పట్టుకో."

చిన్న చప్పుడు. ఆ తర్వాత, వీధి అవతలి నుంచి, కిటికీలోంచి, నా రొప్పు నాకే వినిపించింది. రేకుల కప్పు కింద ఊరంతా బస్సుల కోసం నిలబడి ఉండే వేళ అది.

"ఇన్‌స్పెక్టర్ తమ్ముడూ" అన్నాను. కిటికీ కూడా అంది, కాస్త ఆలస్యంగా. "డ్రైవర్ దగ్గర తీసుకున్న సూటు నీ ప్యాంటు కింద ఉంది. ఇక చాలు. కూర్చో."

అతను మూడు మెట్ల కిందే ఆగిపోయాడు. కిటికీ వైపు చూశాడు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉన్నాను. చాచలేదు. అలా ఎంతసేపు నిలబడ్డాడో, ఒక్కో మెట్టూ వెనక్కి దిగాడు. నేను లాగిన కుర్చీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. రెండు మోకాళ్ళ దగ్గరా, ఒకదాని తర్వాత ఒకటి, టక్ మని లాక్ పడింది.

"డ్యూటీలో ఎక్కడా కూర్చోక రెండు నెలలైంది అక్కా" అన్నాడు. "రేపే నాకు ఫిట్‌నెస్ పరీక్ష. రెండ్రోజులు ఆగరా అన్నాను వాణ్ణి. వినలేదు. నువ్వు పడిపోతావురా, నాలాగా అయిపోతావురా అని నడుము బకిల్ పట్టుకుని వేలాడాడు. విదిలించాను. కుర్చీతో సహా వెనక్కి పడి తల కొట్టుకుంది. లేపితే పలకలేదు. చచ్చిపోయాడనుకున్నాను." నెత్తి మీది టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఫిజియోథెరపీలో నా పక్క మంచం వాడిది. నాకున్నది వాడొక్కడే."

"పైకి మోసేటప్పుడు ఊపిరి ఉందా?"

అతను చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని మెట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. నాకు జాలి వేసింది. వేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

కిటికీ అవతల బస్టాండులో ఒక్క హారన్ కూడా మోగడం లేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆ అమ్మాయి ఊపిరి వినిపిస్తూనే ఉంది. పెట్టేయలేదు.